ఊళ్ళో పేదరికం లెక్క తీయడానికి వెళ్తున్నారా? బ్యాగు సర్దుకునే ముందు ఇది చదవండి

ప్రతి ఏటా సంక్రాంతి సెలవులు అయిపోగానే ఎవరో ఒక పీజీ విద్యార్థి నుంచి మెసేజ్ వస్తుంది. "సార్, మా ప్రాజెక్టు పేదరికం మీద, ఒక ఊరు తీసుకున్నాం, మీ దగ్గర క్వశ్చనీర్ ఉంటే పంపుతారా?" పంపుతాను. పది రోజుల్లో 200 ఇళ్ళు తిరిగేసి మళ్ళీ ఫోన్ చేస్తారు. "సార్, 200 ఇళ్ళలో 180 ఇళ్ళ ఆదాయం లక్షన్నర లోపే వచ్చింది, ఊరంతా పేదవాళ్ళేనా?"

తెలంగాణ పల్లెల్లో తెల్ల కార్డుకి ఏడాది ఆదాయ పరిమితి లక్షన్నర. అంటే మీ 180 ఇళ్ళవాళ్ళు మీసేవలో ఆదాయ ధ్రువపత్రం కోసం రాసిచ్చిన అంకెనే మీకూ అప్పజెప్పారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో కాగితాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడు కార్డు ఇవ్వడానికో పీకేయడానికో వచ్చాడని అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు, మనమైనా అదే అనుకుంటాం.

నేను చాలా ఏళ్ళు సర్వేల్లో తిరిగాను, మొదట ఇళ్ళకెళ్ళి ప్రశ్నలడిగే ఇన్వెస్టిగేటర్‌గా, తర్వాత నలుగురు కుర్ర ఇన్వెస్టిగేటర్లని వెంటేసుకుని సూపర్‌వైజర్‌గా. ఫార్ములాలు పుస్తకాల్లో దొరుకుతాయి. పేదరికం అంకె మాత్రం గుమ్మం దగ్గరే సగం తయారైపోతుంది, ఎవర్ని అడిగాం, ఏ నెలలో అడిగాం, ఎన్ని రోజుల లెక్క అడిగాం, బస్తా అంటే ఎన్ని కిలోలు అనుకున్నాం అనేదాన్ని బట్టి. ఆ సగం గురించే ఇక్కడ చెప్తాను.

ఎందుకు కొలుస్తున్నారో ముందు రాసుకోండి

"పేదలు ఎంతమంది?" అన్నది ఒక ప్రశ్న. "పేదలు ఎవరు?" అన్నది ఇంకో ప్రశ్న. "ఈ ఇల్లు పదేళ్ళ కింద బాగానే ఉండేది కదా, ఎలా చితికింది?" అన్నది మూడోది. మూడింటికీ ఒకే ఫారం సరిపోదు. మొదటిదానికి శాంపిల్, అంటే అడగడానికి ఎంచుకున్న ఇళ్ళు, బాగుండాలి, ఒక్కో ఇంటి అంకె కాస్త అటూ ఇటూ అయినా సగటులో సర్దుకుంటుంది. రెండోదానికి ప్రతి ఇల్లూ విడిగా సరిగ్గా రావాలి. మూడోదానికి అంకెల కంటే కూర్చుని కథ వినే ఓపిక కావాలి.

ఇది తేల్చుకోకుండా వెళ్తే ఏమవుతుందో దేశం స్థాయిలోనే చూశాం. 2011-12 జాతీయ ఖర్చుల సర్వే ఒక్కటే. ప్రణాళికా సంఘం వేసిన టెండూల్కర్ కమిటీ పద్ధతిలో పేదరిక రేఖ, అంటే ఇంతకంటే తక్కువ ఖర్చు పెట్టేవాడు పేదవాడు అనే గీత, పల్లెలో మనిషికి నెలకి 816 రూపాయలు, పట్నంలో 1000, పేదలు 21.9 శాతం. రంగరాజన్ కమిటీ 2014లో గీతని పల్లెలో 972కి, పట్నంలో 1407కి జరిపింది, పేదలు 29.5 శాతం అయ్యారు. మధ్యలో ఎవరూ పేదవాళ్ళు కాలేదు, ఎవరూ బాగుపడలేదు. 2011లో సుప్రీంకోర్టులో ప్రణాళికా సంఘం పట్నంలో రోజుకి 32 రూపాయలు, పల్లెలో 26 అని అఫిడవిట్ వేసినప్పుడు దేశమంతా నవ్వింది గుర్తుందా, ఆ నవ్వు కూడా గీత మీదే, దాని వెనకున్న సర్వే మీద కాదు. అసలు మన దేశంలో ఈ గీత మొదలే చిత్రంగా ఉంటుంది: దాదాభాయ్ నౌరోజీ 1867-68 ధరల్లో మనిషికి ఏడాదికి 16 నుంచి 35 రూపాయలు కావాలని లెక్క వేసినప్పుడు ఆధారంగా తీసుకున్నది ఓడల్లో వలసపోయే కూలీలకి ఇవ్వాల్సిన తిండి. అంటే కదలకుండా కూర్చున్న మనిషి బతకడానికి ఎంత కావాలో అంత. తర్వాత 1979లో పల్లెకి 2400 క్యాలరీలు, పట్నానికి 2100 అన్నారు, టెండూల్కర్ వచ్చాక క్యాలరీల లంకెనే తెంపేశారు.

మీరు కొత్త గీత కనిపెట్టనక్కర్లేదు. ఉన్నవాటిలో రెండు తీసుకోండి, రెండింటితోనూ లెక్క వేయండి, రెండూ రిపోర్టులో పెట్టండి. ఒక్క గీతతో ఒక్క శాతం చెప్పిన థీసిస్ చూస్తే నాకు ముందు అనుమానం వస్తుంది.

ఇక తెల్ల కార్డు. దాన్ని పేదరికానికి గుర్తుగా వాడొద్దు, ఎంత సులువుగా దొరికినా సరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011-12కి టెండూల్కర్ లెక్కన పేదలు 9.2 శాతం. అదే ఏడాది ఏ ఊరికెళ్ళినా తెల్ల కార్డు లేని ఇంటిని వెతుక్కోవాల్సి వచ్చేది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కార్డు అంటే బియ్యం సంచి ఒక్కటే కాదు, గుండె ఆపరేషన్ కూడా. ఎవరు వదులుకుంటారు? ఇక కార్డు లేనివాళ్ళలో కొందరు నిజంగా నిరుపేదలు, కొడుకుల కార్డులోంచి పేరు తీసేసిన ముసలమ్మలు, ఆధార్ వేలిముద్ర పడని కూలీలు. రెండు వైపులా తప్పే.

ఆదాయం అడగాలా, ఖర్చు అడగాలా

నెల జీతం వచ్చేవాడికి ఆదాయం అడగొచ్చు. మిగతావాళ్ళకి ఖర్చు అడగండి. మన దేశంలో జాతీయ శాంపిల్ సర్వే వాళ్ళు మొదట్నుంచీ వినియోగ వ్యయమే అడుగుతున్నారు, కారణం ఊళ్ళో ఒక్కరోజు కూర్చుంటే మీకే అర్థమవుతుంది. కౌలు రైతుని తీసుకోండి. రెండెకరాలు కౌలుకి చేశాడు, ఎకరాకి 30 బస్తాలు పండాయనుకోండి. అందులో ఎకరాకి 15 బస్తాలు భూమి గలవాడికి, ఎరువు మందు అరువు తెచ్చిన దుకాణానికి ఇంకొన్ని, కోత మిషనుకి కొంత, తిండికి నాలుగు బస్తాలు ఇంట్లో. "ఆదాయం ఎంత?" అంటే పాపం ఆయన ఏమని చెప్పాలి? 60 బస్తాలా, మిగిలిన ఏడా? మీరు కాగితం మీద రాసేది "భూమి: లేదు", ఎందుకంటే కౌలు కాగితం ఎక్కడా లేదు. భూమి గలాయన హైదరాబాద్‌లో ఉంటాడు, ఆయన మీ శాంపిల్లోనే లేడు.

తప్పనిసరిగా ఆదాయమే కావాలంటే ఒక్క ప్రశ్నగా అడగకండి. పంట పంటకీ, మనిషి మనిషికీ, పని పనికీ విడగొట్టి అడిగి మీరే కూడండి. ఒక్కో ఇంటికి చాలాసేపు పడుతుంది, అందుకే వంద ఇళ్ళ కంటే ఎక్కువ పెట్టుకోకండి. అలా ఊరు మొత్తం కూర్చుని చేసినవాళ్ళు మనవాళ్ళలోనే ఉన్నారు: అప్పటి గుంటూరు జిల్లా అనంతవరంలో పుచ్చలపల్లి సుందరయ్య గారు 1974లో ఇంటింటి లెక్క తీశారు, మూడు దశాబ్దాల తర్వాత వేరే పరిశోధకులు అదే ఊరికి వెళ్ళి మళ్ళీ తీశారు. పాలమూరు జిల్లా డోకూరులో పటాన్‌చెరు ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్ళు 1975 నుంచి కుటుంబాల వివరాలు రాసుకున్నారు. ఒక్కసారి వెళ్ళొచ్చిన ఫోటో కంటే అలాంటివాటికి విలువ ఎక్కువ, అయితే మీ ఎమ్మే గడువు నాలుగు నెలలే, తెలుసు.

ఖర్చులో ఉన్న పెద్ద మోసం

ఖర్చు అడగండి అన్నాను కదా అని గుడ్డిగా కూడేయకండి. మా టీమ్ కృష్ణా డెల్టాలో ఒక ఊరు చేసినప్పుడు కూడికలన్నీ అయ్యాక ఇళ్ళని ఖర్చు వరసలో పేర్చాను. వరసలో పైనుంచి మూడో ఇల్లు ఎవరిదా అని చూస్తే రేకుల షెడ్డు. తప్పు ఎంట్రీ అనుకుని ఇన్వెస్టిగేటర్ పిల్లని తిట్టాను కూడా. మర్నాడు నేనే వెళ్ళాను. గుమ్మం పక్కన ఖాళీ కట్టుగొయ్యలు రెండు. "గేదెలేవమ్మా?" అన్నాను. "అమ్మేశాం బాబూ, మా ఆయనకి ఆపరేషన్" అంది ఆవిడ. విజయవాడలో ప్రైవేటు ఆసుపత్రి బిల్లు, మందులు, రానూపోనూ కార్లు, అన్నీ కలిపి ఆ ఏడాది ఆ ఇంట్లో లక్షా తొంభై వేలు ఖర్చయింది. మా కంప్యూటర్ లెక్కలో వాళ్ళు ఊరి ధనవంతులు. నిజానికి పాడి పోయింది, పాలడబ్బులు పోయాయి, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం మిగిలింది.

ఆ పిల్లకి సారీ చెప్పాను. ఆ తర్వాత ఏ సర్వే చేసినా ఆసుపత్రి, పెళ్ళి, చావు, ఇల్లు కట్టడం, ఈ నాలుగింటినీ వేరే పేజీలో రాయిస్తాను, వాటికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన ఇంకో గడి: దాచుకున్నదా, అమ్మినదా, అప్పా, ఎవరైనా ఇచ్చారా. లెక్క రెండుసార్లు వేస్తాను, అవి కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి. రెండింటి మధ్య వరస బాగా మారిపోయిన ఇళ్ళ జాబితా తీస్తే అదే మీ థీసిస్‌లో అసలైన అధ్యాయం అవుతుంది. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు రాజస్థాన్, గుజరాత్, ఆంధ్రప్రదేశ్ ఊళ్ళలో తిరిగి, ఇళ్ళు పేదరికంలోకి ఎందుకు జారిపోయాయని అడిగితే జబ్బు, దానికైన ఖర్చు మళ్ళీ మళ్ళీ ముందుకొచ్చాయి. ఒకవైపు కొన్ని ఇళ్ళు పైకి వస్తుంటే ఇంకోవైపు ఇంకొన్ని కిందికి పోతుంటాయి, శాతం మాత్రం కదలనట్టే కనిపిస్తుంది.

"నెలకి నూనె ఎంత వాడతారమ్మా?"

ఇది నల్గొండ వైపు ఒక ఊళ్ళో. పొయ్యి దగ్గర కూర్చుని అడిగాను. "నెలకని ఎన్నడన్న కొంటిమా సారూ, ఒడిసిపోతే పిల్లగాన్ని దుకాణంకి తోలుత" అంది. సరే, అందాజుగా చెప్పమంటే "కిలో అయితదేమో" అంది. కిలో అని రాసుకుని లేచి రావచ్చు. రాలేదు. నిన్నటి నుంచి వెనక్కి ఒక్కో రోజూ అడుగుతూ పోయాం. నిన్న పావు లీటరు. మొన్న ఏం లేదు, పచ్చిపులుసుతో తిన్నారు. అటు మొన్న కూతురూ అల్లుడూ వచ్చారు, అర లీటరు ప్యాకెట్టు. ఆదివారం కోడికూర, ఇంకో పావు. వారానికే లీటరు తేలింది. దుకాణం పిల్లాడు రాసిన అరువు పుస్తకం తెప్పించి చూశాం, సరిపోయింది.

మరి నెలకి నాలుగు లీటర్లా? అదీ కాదు, అల్లుడు ప్రతి వారం రాడు. ఇక్కడే ఉంది చిక్కు. 30 రోజుల లెక్క అడిగితే జనం మర్చిపోతారు, తక్కువ వస్తుంది. 7 రోజులు అడిగితే ఎక్కువ వస్తుందని శాంపిల్ సర్వే వాళ్ళ సొంత ప్రయోగాల్లోనే తేలింది. నూరు ఇళ్ళ సగటు కావాలంటే 7 రోజులే నయం, ఒక ఇంటికి చుట్టాలొచ్చిన వారం అయితే ఇంకో ఇంటికి పస్తున్న వారం, సర్దుకుంటుంది. కానీ "ఈ ఇల్లు పేదదా కాదా" అని ఇంటి మీద ముద్ర వేయాలంటే ఒక్క వారం లెక్క ప్రమాదం. నేనైతే నూనె, కూరగాయలు, గుడ్లు, మాంసం, చేపలు, టీ, హోటల్ టిఫిన్లు, బీడీలు 7 రోజులకి అడుగుతాను. బియ్యం, పప్పు, ఉప్పు, కరెంటు, ఫోన్ రీచార్జి 30 రోజులకి. బట్టలు, చెప్పులు, స్కూలు ఫీజులు, సామాన్లు, ఆసుపత్రి ఏడాదికి. జాతీయ సర్వేల్లో ఇప్పుడు నడుస్తున్నది కూడా దాదాపు ఇదే.

ఒక వస్తువుకి రెండు గడువులు మాత్రం పక్కపక్కన అడగకండి. 1999-2000 సర్వేలో తిండికి 7 రోజులు, 30 రోజులు రెండూ అదే ఇంట్లో అడిగారు. 7 రోజులకి చెప్పినదాన్ని మనసులో నాలుగుతో హెచ్చవేసి 30 రోజులకి చెప్పేశారన్నది విమర్శ. పేదరికం 1993-94లో ఉన్న 36 శాతం నుంచి 26కి పడిపోయిందని ప్రకటించారు, అందులో ఎంత నిజంగా తగ్గింది, ఎంత ప్రశ్న మారడం వల్ల వచ్చింది అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఇప్పుడూ అలాంటిదే ఉంది. 2022-23 సర్వేలో ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళి తిండి ఒకసారి, సేవలు ఒకసారి, సామాన్లు ఒకసారి అడిగారు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెలకి 4870 రూపాయలు, తెలంగాణ పల్లెల్లో 4802 వచ్చింది. ఈ అంకెని తీసుకుని 2011-12 నాటి గీతని ధరల సూచీతో పెంచి పక్కన పెట్టి "పేదరికం పోయింది" అని రాసేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతున్నారు: టెండూల్కర్ గీత పాత తరహా ప్రశ్నలతో వచ్చిన ఖర్చుకి కుట్టిన చొక్కా. ఒళ్ళు ఒకరిది, కొలత ఇంకొకరిది. తగ్గలేదని నేను అనట్లేదు, తగ్గింది, ఊళ్ళో కళ్ళకే కనిపిస్తుంది. ఎంత తగ్గిందో ఆ రెండు కాగితాలు పక్కన పెట్టి చెప్పలేం అంటున్నాను.

రేషన్ బియ్యానికి ధర ఎంత వేస్తారు?

ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది, ఊళ్ళో సగం ఇళ్ళ వరస దీనివల్లే మారుతుంది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డుల మీద బియ్యం ఉచితం. జేబులోంచి పైసా పోలేదు కాబట్టి సున్నా రాస్తారా, బజారు ధర వేస్తారా? సున్నా వేస్తే రేషన్ తినే ఇల్లు ఉన్నదానికన్నా పేదగా కనిపిస్తుంది. సన్న బియ్యం బజారు ధర వేస్తే, రేషన్‌లో ఇచ్చేవి దొడ్డు బియ్యమైనప్పుడు, ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. దొడ్డు బియ్యాన్ని చాలా ఇళ్ళలో తినేవాళ్ళు కాదు, ఇంటి ముందుకొచ్చే బేరగాడికి అమ్మి, పైన ఇంత వేసుకుని సన్న బియ్యం కొనుక్కునేవాళ్ళు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌లోనే సన్న బియ్యం ఇస్తున్నారు కాబట్టి అక్కడ ఆ లెక్క మారిపోయింది. మీరు చేయాల్సింది మూడు గడులు పెట్టడం: వచ్చినవి ఎన్ని కిలోలు, తిన్నవి ఎన్ని, అమ్మినవి ఎన్ని. తిన్నవాటికి ఆ ఊళ్ళో అదే రకం బియ్యం ధర వేయండి, ధర దుకాణంలో మీరే కనుక్కోండి.

2022-23 జాతీయ సర్వేలో ఉచితంగా వచ్చిన సరుకుల విలువ కలిపితే పల్లె సగటు 3773 నుంచి 3860కి పెరిగింది, అంతే. ఆరోగ్యశ్రీ లాంటి ఉచిత వైద్యం, ఉచిత చదువు అందులో లేవు. వాటికి ధర కట్టే పని మీరు పెట్టుకోకండి, ఎందుకంటే ఎక్కువ జబ్బు చేసినవాడు ఎక్కువ ధనవంతుడైపోతాడు. రేకుల షెడ్డు కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇల్లంటే ఏది? మనిషంటే ఎవరు?

సర్వే భాషలో కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద తినేవాళ్ళు. వినడానికి బాగుంది. ఇద్దరు కొడుకుల దగ్గర నెలకొకరి చొప్పున వంతులవారీగా తినే తల్లిని ఏ ఇంట్లో రాస్తారు? మా వాళ్ళు ఒకసారి ఇద్దరి దగ్గరా రాశారు, ఇంకో ఊళ్ళో ఎవరి దగ్గరా రాయలేదు. మీరు వెళ్ళిన నెలలో ఎక్కడుంటే అక్కడ రాయండి, పింఛను డబ్బు ఎవరి చేతికి పోతోందో కూడా అడగండి.

వలస పోయిన ఇళ్ళు ఇంకా కష్టం. పాలమూరులోనో పశ్చిమ ప్రకాశంలోనో మాఘమాసంలో సర్వేకి వెళ్తే తాళం వేసిన ఇళ్ళు వరసగా కనిపిస్తాయి, మన ఇన్వెస్టిగేటర్ "డోర్ లాక్" అని రాసి పక్కింటికి పోతాడు. ఆ తాళాల వెనకున్నవాళ్ళే ఊళ్ళో అందరికంటే పేదవాళ్ళు కావచ్చు. బదులుగా తీసుకున్న పక్కిల్లు ఊళ్ళో ఉండగలిగిన ఇల్లు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో చేసినప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది, లెక్కలో ఉండాలని జనం బస్సులు పట్టుకుని సొంతూళ్ళకి పోయారు, హైదరాబాద్ రోడ్లు బోసిపోయాయి. ఆ రోజు ఊళ్ళో కనిపించినవాళ్ళు మర్నాడు ఊళ్ళో లేరు. కాబట్టి తాళం ఇంటికి బదులు ఇల్లు తీసుకునే ముందు మూడుసార్లు వెళ్ళండి, పక్కవాళ్ళని అడిగి ఎక్కడికి పోయారో, ఎప్పుడొస్తారో రాసుకోండి, తాళం ఇళ్ళు ఎన్నో రిపోర్టులో చెప్పండి. వీలుంటే ఒకసారి కోతల తర్వాత, ఒకసారి శ్రావణ భాద్రపదాల్లో, రెండుసార్లు వెళ్ళండి. గింజలు ఇంట్లో ఉన్నప్పటి ఊరు, గింజలు అయిపోయినప్పటి ఊరు ఒకటి కావు.

కొలతలు కూడా ఊరూరికీ మారతాయి, దీన్ని తేలిగ్గా తీసుకుని నేను ఒక సర్వే మొత్తం మళ్ళీ కూడుకున్నాను. కోస్తాలో వడ్ల బస్తా అంటే చాలామందికి 75 కిలోలు, కొనుగోలు కేంద్రంలో అయితే 40. భూమి ఆంధ్ర వైపు సెంట్లలో చెప్తారు, వంద సెంట్లు ఎకరం; తెలంగాణలో గుంటల్లో, నలభై గుంటలు ఎకరం. సోల, తవ్వ, మానిక అన్నప్పుడు ఆ ఇంట్లో ఉన్న గిన్నెనే తెమ్మని బియ్యం పోసి తూచండి. చిన్న తూకం మిషను ఒకటి బ్యాగులో పెట్టుకెళ్ళండి, పిల్లలు కూడా చుట్టూ చేరి సరదాగా చూస్తారు.

ఎవర్ని అడగాలి

తిండి లెక్క ఆడవాళ్ళని. పంట లెక్క ఇద్దర్నీ. అప్పుల లెక్క మాత్రం ఇద్దర్నీ విడివిడిగా. భార్య డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోను భర్తకి తెలిసినా, చీటీ పాడిన సంగతి తెలియకపోవచ్చు. భర్త బెల్టు షాపులో పెట్టిన ఖాతా భార్యకి తెలిసినా, నలుగురిలో చెప్పదు. "అప్పులున్నాయా?" అంటే లేవనే వస్తుంది. "ఎవరికైనా ఇవ్వాల్సింది ఉందా, చేబదులు గానీ, దుకాణంలో గానీ, బంగారం మీద గానీ?" అని ఒక్కోటీ పేరు పెట్టి అడగండి. చుట్టూ జనం మూగితే ఆ రోజుకి అప్పుల పేజీ వదిలేసి మళ్ళీ రండి. సర్పంచి గారి మనిషి వెంట ఉంటే అసలు ఏ పేజీ తెరవకండి, టీ తాగి వచ్చేయండి.

వస్తువులు లెక్కపెట్టే పద్ధతి

ఖర్చు అడిగే ఓపిక లేనివాళ్ళకి ఇది సులువు, అందుకే అందరూ దీని మీద పడ్డారు. నీతి ఆయోగ్ వాళ్ళ బహుముఖ పేదరిక సూచిలో 12 అంశాలున్నాయి: పోషకాహారం, పిల్లల మరణాలు, గర్భిణుల ఆరోగ్యం, బడి చదువు, బడి హాజరు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, సామాన్లు, బ్యాంకు ఖాతా. ఒక్కో అంశానికి ఇచ్చిన బరువుల ప్రకారం కనీసం మూడో వంతు లేమి ఉంటే ఆ ఇల్లు పేదది. 2019-21 లెక్కన తెలంగాణలో 5.88 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6.06. మంచి పద్ధతే, ఆసుపత్రి బిల్లు దీన్ని మోసం చేయలేదు. కానీ దీనికి వేరే జబ్బులున్నాయి. మరుగుదొడ్డి ఉంటుంది, అందులో పిడకలు, పాత సామాను ఉంటాయి. బ్యాంకు ఖాతా ఉంటుంది, పాస్‌బుక్ బిజినెస్ కరస్పాండెంట్ (ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బులిచ్చే మనిషి) దగ్గర ఉంటుంది. గ్యాస్ సిలిండర్ ఉంటుంది, మసి మాత్రం కట్టెల పొయ్యి మీద. "మీకు గ్యాస్ ఉందా?" అనకండి, "ఈ పొద్దున అన్నం దేని మీద వండారు, బండ చివరిసారి ఎప్పుడు మార్చారు?" అని అడగండి. బండి ఉంటే కిస్తీలు ఇంకా ఎన్ని ఉన్నాయో అడగండి. ఈ రెండు మూడు ప్రశ్నలతోనే వస్తువుల లెక్క సగం బాగుపడుతుంది.

ఊరినే అడగడం

జనానికి తమ ఊళ్ళో ఎవరు పేదవాళ్ళో బాగా తెలుసు. 'వెలుగు' అనే పేదరిక నిర్మూలన పథకం నడిచిన రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఊరివాళ్ళని కూర్చోబెట్టే పేదల్ని, నిరుపేదల్ని గుర్తించారు. మీరూ చేయొచ్చు: నేల మీద ముగ్గుతో ఊరి పటం గీయించండి, ఇల్లిల్లూ పెట్టించండి, తర్వాత "ఒక ఇల్లు బాగుపడుతుంటే మొదట ఏం చేస్తుంది, తర్వాత ఏం చేస్తుంది?" అని అడగండి. ఒక చోట రెండు పూటలా కడుపు నిండా తిండి, పిల్లల్ని బడికి పంపడం, ఇంటి మీద కప్పు బాగు చేయించడం, అప్పులు కొంత తీర్చడం అని వరస చెప్పారు. ఎన్నో మెట్టు వరకు వస్తే ఇక పేదవాళ్ళు అనరో కూడా వాళ్ళే తేల్చుకుంటారు, అక్కడ ఒక గంట వాదన జరుగుతుంది, ఆ వాదన రాసుకోండి.

జాగ్రత్త ఒక్కటి. ఈ మీటింగు రచ్చబండ దగ్గర పెడితే ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవాళ్ళు వెనక నిలబడి వెళ్ళిపోతారు. కాలనీలో వేరే పెట్టండి, ఆడవాళ్ళతో ఇంకోటి పెట్టండి, మూడు జాబితాలూ పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ ఇళ్ళకి మీరే వెళ్ళండి. పథకం వస్తుందన్న మాట ఎవరి నోటి నుంచైనా జారితే ఆ జాబితా ఇక పనికిరాదు, చించేయండి.

రాసేటప్పుడు

"ఇంత శాతం" ఒక్కటే రాయకండి, గీతకి ఎంత దూరంలో ఉన్నారో కూడా రాయండి. గీత 2000 అనుకోండి. ఒకరు 1900 దగ్గర, ఇంకొకరు 1000 దగ్గర ఉన్నారు. శాతంలో ఇద్దరూ ఒకటే. చేతిలో వంద రూపాయలుంటే, శాతం తగ్గించాలనుకున్నవాడు 1900 దగ్గరున్నవాడికే ఇస్తాడు. ఇద్దరి లోటు కలిపి చూపించే అంకె పక్కన ఉంటే ఆ తెలివి బయటపడుతుంది. ప్రపంచ బ్యాంకు డాలర్ల గీత వాడాలనిపిస్తే, అది 2025 జూన్‌లో రోజుకి 2.15 నుంచి 3 డాలర్లకి మారింది, పేపర్లో వచ్చే డాలరు రేటుతో మాత్రం గుణించకండి, దానికి దేశాల మధ్య ధరల తేడాని సర్దే కొనుగోలు శక్తి రేటు వేరే ఉంటుంది.

ఇక పైలట్, అంటే అసలు సర్వేకి ముందు ప్రశ్నల్ని పరీక్షించుకునే చిన్న సర్వే. పదిహేను ఇళ్ళు చాలు, కానీ పక్క ఊళ్ళో చేయండి, మీ ఊళ్ళో చేస్తే మర్నాటికే ప్రశ్నలన్నీ ఊరంతా తెలిసిపోయి జవాబులు సిద్ధమైపోతాయి. ఒక్కో ఇంటికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి, గంటన్నర దాటితే ప్రశ్నలు కోసేయండి, ఎందుకంటే గంటన్నర తర్వాత పొయ్యి మీద అన్నం మాడుతుంటుంది, చెప్పేవాళ్ళు మిమ్మల్ని పంపించడానికి ఏదో ఒకటి చెప్తారు. "ఏం పథకం వస్తది సార్?" అని పదిహేను ఇళ్ళలో పన్నెండు చోట్ల అడుగుతారు. ఏమీ రాదని మొదటి నిమిషంలోనే చెప్పండి, చెప్పాక కూడా కూర్చోమని చాప వేసిన ఇళ్ళలోనే మొదలుపెట్టండి. ఆ పదిహేను ఇళ్ళ కాగితాల్ని మాత్రం, శాంపిల్ తక్కువైంది కదా అని, చివర్లో అసలు లెక్కలో కలపకండి.